1908 న్యూయార్క్ జెయింట్స్: టైటిల్ పోగొట్టింది నిజంగా మర్కెల్ ఒక్కడేనా?

కృష్ణాతీరం
ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి బడిలో "ఆటల చరిత్రలో పెద్ద పొరపాట్లు" అనే అంశం మీద మాట్లాడవలసి వచ్చి, 1908లో న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టుకు ఆడిన ఫ్రెడ్ మర్కెల్‌ను ఎంచుకున్నాడు. వాడికి సాయం చేద్దామని చదవడం మొదలుపెట్టిన నేను మూడు వారాలుగా అందులోనే మునిగి ఉన్నాను. ఎక్కడ చూసినా ఒకటే మాట కనిపిస్తోంది: పంతొమ్మిదేళ్ల కుర్రవాడు సెకండ్ బేస్‌ను తాకకుండా వెళ్లిపోయాడు, దానితో జెయింట్స్ నేషనల్ లీగ్ టైటిల్‌ను చేజార్చుకుంది. నాకు ఇది మింగుడు పడడం లేదు. ఆ ఏడాది జెయింట్స్ 98 ఆటలు గెలిచి 56 ఓడింది, చికాగో కబ్స్ 99 గెలిచి 55 ఓడింది. మర్కెల్ పేరుతో మోగిపోయిన సెప్టెంబర్ 23 నాటి ఆట చివరికి టైగా నమోదయింది కాబట్టి ఆ 56 ఓటముల్లో అది లేనే లేదు. మరి 56 ఓటములను వదిలిపెట్టి, ఓడని ఆటలో ఉన్న ఒక కుర్రవాడి మీద సీజన్ భారమంతా మోపడం న్యాయమేనా? ఆ సీజన్‌ను బాగా చదివినవారు చెప్పండి.

గోదారిగట్టు
నాకు క్రికెట్ తప్ప మరొకటి తెలియదు. గెలుపు పరుగు పూర్తయిన తరువాత దానిని ఎలా రద్దు చేస్తారో ముందు ఎవరైనా వివరిస్తే తక్కినది అర్థం చేసుకోగలను.

డగౌట్
గోదారిగట్టు గారు, హోమ్ ప్లేట్ దగ్గర బంతి కొట్టిన బ్యాటర్ ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు చుట్టి తిరిగి హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోతుంది. ఫస్ట్ బేస్ మీద ఉన్న ఆటగాడు, వెనుక బ్యాటర్ బంతిని నేలమీదుగా కొట్టి పరుగు తీయగానే, ఆ బేస్‌ను ఖాళీ చేసి సెకండ్ బేస్‌కు వెళ్లి తీరాలి. అతను చేరేలోగా ఫీల్డర్ బంతి పట్టుకుని సెకండ్ బేస్‌ను తాకితే అతను అవుట్. దానినే ఫోర్స్ అవుట్ అంటారు. అది మూడో అవుట్ అయితే ఆ బంతికి హోమ్ ప్లేట్ దాటిన పరుగు చెల్లదు. క్రికెట్‌లో ఒక బ్యాటర్ క్షేమంగా అటు చేరినా, రెండోవాడు రనౌట్ అయితే ఆ పరుగు లెక్కలోకి రానట్టే అనుకోండి.

ఇక ఆ రోజు సంగతి. పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్‌కు క్రిస్టీ మాథ్యూసన్, కబ్స్‌కు జాక్ ఫిస్టర్ పిచింగ్ చేశారు, అంటే బంతి వేశారు. ఐదో ఇన్నింగ్స్‌లో జో టింకర్ మాథ్యూసన్ బంతిని కొట్టి, అది మైదానంలోనే దొర్లుతుండగా నాలుగు బేస్‌లూ చుట్టేశాడు. ఆరో ఇన్నింగ్స్‌లో మైక్ డాన్లిన్ హిట్‌తో (బ్యాటర్‌ను క్షేమంగా బేస్ చేర్చే దెబ్బ) హెర్జాగ్ వచ్చి స్కోరును 1-1 చేశాడు. మామూలుగా ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో ఇద్దరు అవుటైన తరువాత మర్కెల్ కుడివైపుకు కొట్టిన హిట్‌తో మూస్ మెకార్మిక్ థర్డ్ బేస్ చేరాడు, మర్కెల్ ఫస్ట్ బేస్ మీద నిలిచాడు. ఆ వెంటనే అల్ బ్రిడ్‌వెల్ బంతిని నేరుగా సెంటర్‌ ఫీల్డ్‌లోకి కొట్టాడు. ఎదురుగా దూసుకొస్తున్న ఆ బంతిని తప్పించుకోవడానికి అంపైర్ బాబ్ ఎమ్స్‌లీ నేలమీద పడిపోయాడు. మెకార్మిక్ హోమ్ ప్లేట్ దాటాడు, జనం కంచె దాటి మైదానంలోకి ఉరికారు, సగం దారిలో ఉన్న మర్కెల్ ఆట అయిపోయిందనుకుని సెంటర్ ఫీల్డ్‌లో ఉన్న క్లబ్‌హౌస్ వైపు తిరిగాడు. కబ్స్ సెకండ్ బేస్‌మన్ జానీ ఎవర్స్ మాత్రం బంతి కోసం కేకలు వేశాడు.

పాతస్కోర్లు
ఆ బంతి ఏమయిందన్న విషయంలో ఆనాటి కథనాలు ఒకదానితో ఒకటి కలవవు. సెంటర్ ఫీల్డర్ హాఫ్‌మన్ విసిరిన బంతిని, థర్డ్ బేస్ దగ్గర కోచ్‌గా ఉన్న జెయింట్స్ పిచర్ జో మెక్‌గిన్నిటీ లాక్కుని గుంపులోకి విసిరేశాడన్నది ఎక్కువమంది చెప్పినది. ఎవర్స్ చేతికి ఆ బంతే తిరిగి వచ్చిందా, వేరొకటి వచ్చిందా అన్నదాని మీద వందేళ్లకు పైగా వాదన నడుస్తూనే ఉంది. ఏది ఏమైనా అంపైర్ హ్యాంక్ ఓడే మర్కెల్‌ను అవుట్‌గా ప్రకటించాడు. వేలమంది మైదానంలో నిండిపోయి ఉండగా, వెలుతురు తగ్గిపోతుండగా ఆటను కొనసాగించే వీలు లేక అది 1-1 టై అయింది.

గోదారిగట్టు
ఇప్పుడు స్పష్టమయింది. అయితే కుర్రవాడు తప్పు చేసిన మాట నిజమే కదా?

తెల్లగీత
తప్పు చేశాడు, అందులో సందేహం అనవసరం. నేను డాలస్‌లో పదకొండేళ్లుగా మన తెలుగువారి వారాంతపు క్రికెట్ లీగ్‌లో అంపైరింగ్ చేస్తున్నాను. "అందరూ ఇలాగే చేస్తారు కదా" అనే మాట ప్రతి ఆదివారం వింటాను. అందరూ చేసినంత మాత్రాన నిబంధన మారదు. ఓడే చేసినది సరైన పని. ముప్పై అడుగులో నలభై అడుగులో పరిగెత్తి బేస్‌ను తాకితే సరిపోయేదానికి ఇంత చరిత్ర అయింది. మర్కెల్ మీద నాకు జాలి ఉంది, కానీ ఆ జాలి తీర్పులోకి రాకూడదని నా అభిప్రాయం.

బందరుగాలి
తెల్లగీత గారి మాటను గౌరవిస్తూనే నా అనుభవం ఒకటి చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బందరులో పాఠశాలల ఫైనల్లో మా జట్టుకు ఆఖరి బంతికి ఒక పరుగు కావాలి. బంతి కవర్స్ వైపు పోయింది. స్ట్రైకర్ అటు చేరాడు, చప్పట్లు మోగాయి, నేను పిచ్ మధ్యలోనే బ్యాటు గాలిలోకి ఎగరేసి మా వాళ్ల వైపు పరిగెత్తాను. వికెట్‌కీపర్ నెమ్మదిగా బెయిల్స్ తీసి అంపైర్ వైపు చూశాడు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాకు యాభై రెండేళ్లు వచ్చాయి, బందరు వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ బంతిని గుర్తు చేస్తారు. మా ఊళ్లో ఓ రెండు వందల మందికి తెలిసిన పొరపాటే ఇంత బరువైతే, దేశమంతటికీ తెలిసిన పొరపాటును 19 ఏళ్లకే మోయవలసి వచ్చినవాడి సంగతి ఊహించండి.

పాతస్కోర్లు
తెల్లగీత గారు నిబంధన గురించి చెప్పినది సబబే, కానీ సెప్టెంబర్ 4 నాటి ఆటను పక్కన పెట్టుకుని చూడాలి. ఆ రోజు పిట్స్‌బర్గ్‌లో పైరేట్స్, కబ్స్ జట్లు పదో ఇన్నింగ్స్ దాకా 0-0తో సాగాయి. పైరేట్స్ గెలుపు హిట్ కొట్టగానే ఫస్ట్ బేస్ మీద ఉన్న వారెన్ గిల్ సెకండ్ బేస్ దాకా పోకుండా వెనుదిరిగాడు. ఎవర్స్ బంతితో బేస్‌ను తాకి అవుట్ అడిగాడు. ఆ రోజు ఒంటరిగా అంపైరింగ్ చేస్తున్నది ఎవరనుకున్నారు? ఇదే హ్యాంక్ ఓడే. తాను గిల్‌ను గమనించలేదని చెప్పి పరుగును అంగీకరించాడు, కబ్స్ ఫిర్యాదును లీగ్ అధ్యక్షుడు హ్యారీ పులియమ్ తోసిపుచ్చాడు. పంతొమ్మిది రోజుల తేడాతో, ఒకే అంపైర్, ఒకే ఫీల్డర్, ఒకే రకమైన సంఘటన, రెండు తీర్పులు.

తెల్లగీత
గిల్ విషయంలో ఓడే తప్పు చేశాడని అనుకుంటే, రెండోసారి అతను ఆ తప్పు దిద్దుకున్నాడన్నమాట. మొదటి తప్పుకు కట్టుబడి రెండోసారి కూడా అలాగే చేయాలని అడగలేము. అయితే మీరు చెప్పిన సంగతి నన్ను మరోవైపు ఆలోచింపజేస్తోంది. పిట్స్‌బర్గ్ వివాదం పత్రికల్లో వచ్చినప్పుడు జెయింట్స్ మేనేజర్ జాన్ మెగ్రా తన కుర్రవాళ్లను కూర్చోబెట్టి "ఎవర్స్ కాచుకుని ఉన్నాడు, బేస్ తాకకుండా రావద్దు" అని హెచ్చరించి ఉండవలసింది. నిబంధన తెలిసిన మేనేజర్లలో మెగ్రాకు సాటి లేరంటారు కదా.

కృష్ణాతీరం
ఈ మాట నాకు తట్టనే లేదు. మా అబ్బాయి కాగితంలో మెగ్రా పేరు కింద గీత గీసుకున్నాడు.

శ్రీలక్ష్మి_ఎడిసన్
మర్కెల్ క్లబ్‌హౌస్ వైపు ఎందుకు తిరిగాడో ఆ చోటు చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కిందటి అక్టోబర్‌లో పిల్లలతో కలిసి మన్‌హాటన్‌లో 155వ వీధి దగ్గరకు వెళ్లాను. స్టేడియం ఉన్న చోట ఇప్పుడు ఎత్తయిన నివాస భవనాలు ఉన్నాయి, వాటికి పోలో గ్రౌండ్స్ టవర్స్ అనే పేరు మిగిలింది. పక్కనే కూగన్స్ బ్లఫ్ అనే గుట్ట మీద నుంచి కిందికి దిగే పాత మెట్లదారి ఉంది. 1908లో జెయింట్స్ యజమానిగా ఉన్న జాన్ బ్రష్ పేరు దాని నడిమి చప్టా మీద అక్షరాల్లో కనిపిస్తుంది. మా పాప ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ఆ మెట్లు 1913 నాటివి, అంటే మర్కెల్ ఇంకా జెయింట్స్‌కు ఆడుతున్నప్పటివి.

అప్పట్లో ఆట ముగియగానే ప్రేక్షకులు మైదానం గుండానే బయటికి నడిచి వెళ్లేవారు. ఆటగాళ్ల గది సెంటర్ ఫీల్డ్‌కు ఆవల ఉండేది. గుంపు ముంచెత్తేలోగా అక్కడికి చేరకపోతే టోపీ కూడా చేతికి దక్కదు. గెలుపు పరుగు రాగానే పరుగు లంకించుకోవడం ఆ మైదానంలో పాతుకుపోయిన అలవాటు, అంతకుముందు అలా వెళ్లినవాళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

వరంగల్_రాళ్లు
సీజన్ అంతా ఆ ఒక్క సాయంత్రంలోనే ఉన్నట్టు మాట్లాడుకుంటున్నాం. ముందూ వెనకా చూద్దాం. అంతకు ముందు రోజు, సెప్టెంబర్ 22న, కబ్స్ అదే మైదానంలో జెయింట్స్‌ను, ఒకే రోజు ఆడే డబుల్ హెడర్‌లో, రెండు ఆటలూ ఓడించింది. దాని గురించి ఎవరూ బొమ్మలు గీయలేదు. సెప్టెంబర్ 25న, పదకొండు వేల డాలర్లు పోసి కొనుక్కొచ్చిన రూబ్ మార్క్వార్డ్ తన మొట్టమొదటి ఆటలో సిన్సినాటీ చేతిలో ఓడాడు. ఆనాటికి అది కళ్లు తిరిగే మొత్తం. ఇవి చాలదన్నట్టు ఆఖరి వారంలో ఫిలడెల్ఫియా ఫిలీస్‌కు చెందిన హ్యారీ కోవెలెస్కీ అనే కొత్త పిచర్, ఐదు రోజుల వ్యవధిలో జెయింట్స్‌ను మూడుసార్లు ఓడించాడు. మూడుసార్లు! అందులో ఒక్కటి గెలిచినా టైను మళ్లీ ఆడవలసిన అవసరమే వచ్చేది కాదు. కోవెలెస్కీకి "జెయింట్ కిల్లర్" అనే పేరు మిగిలింది. అతని చేతిలో ఓడిన బ్యాటర్లకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు.

డగౌట్
వరంగల్_రాళ్లు గారు ఈ చర్చకు అసలైన లెక్క తెచ్చారు. దానికి గాయాలు కూడా కలపాలి. సెకండ్ బేస్‌లో ఆడే లారీ డోయల్ ఆ ఏడాది .308 సగటుతో (అంటే వెయ్యి ప్రయత్నాలకు 308 హిట్లు) కొడుతూ సెప్టెంబర్‌లో కాలికి స్పైక్ (బూటు మేకు) గాయమై తప్పుకున్నాడు. ఫస్ట్ బేస్‌లో సీజన్ అంతా ఆడుతూ వచ్చిన ఫ్రెడ్ టెన్నీకి ఆ సెప్టెంబర్ 23 ఉదయం నడుము పట్టేసింది. ఆ కారణంగానే మర్కెల్ ఆ ఏడాది మొదటిసారి ఆట ఆరంభం నుంచి ఫస్ట్ బేస్‌లో దిగాడు. టెన్నీ నడుము బాగుండి ఉంటే మర్కెల్ పేరు మనకు తెలిసేదే కాదు.

పాతస్కోర్లు
మాథ్యూసన్ మోసిన బరువు కూడా చెప్పాలి. ఆ సీజన్‌లో అతను 56 ఆటల్లో బంతి వేసి, 390 ఇన్నింగ్స్‌కు పైగా పిచింగ్ చేసి, 37 గెలిచి 11 ఓడాడు. ఇప్పటి పిచర్లలో సీజన్‌కు 200 ఇన్నింగ్స్ దాటేవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. అంత వేసినవాడి సగటు 1.43, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒకటిన్నర పరుగైనా ఇవ్వలేదు.

గోదారిగట్టు
తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒకటిన్నర పరుగులా? ఆ రోజుల్లో కొట్టడం ఎవరికీ చేతకాదా?

పాతస్కోర్లు
చేతకాక కాదు, బంతి అటువంటిది. బంతి మెత్తబడి, పొగాకు ఉమ్మితో, మట్టితో నల్లబడేదాకా అదే బంతితో ఆడించేవారు. ఉమ్మి రాసి వేయడం అప్పట్లో నిబంధనలకు లోబడినదే. ఆ ఏడాది నేషనల్ లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటు .239 మాత్రమే. లీగ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు (ఒకే దెబ్బకు బ్యాటర్ అన్ని బేస్‌లూ చుట్టి రావడం) కొట్టిన టిమ్ జోర్డన్ కొట్టినవి 12. ఒక్కొక్క పరుగు కోసం బంట్లు (బంతిని దగ్గరలోనే పడేలా మెత్తగా తట్టడం), దొంగ పరుగులు (దెబ్బ లేకుండానే తరువాతి బేస్‌ను దొంగిలించడం), త్యాగపు దెబ్బలు (తాను అవుటై తోటివాడిని ముందుకు పంపడం). అలాంటి ఆటలో సెకండ్ బేస్ దగ్గర పోయిన ఒక్క పరుగు విలువ వేరు.

హుక్స్_అభిమాని
ఆ సీజన్ అంటే నాకు జులై 4 గుర్తొస్తుంది. జెయింట్స్ ఎడమచేతి పిచర్ హుక్స్ విల్ట్సీ ఫిలడెల్ఫియాతో ఆడుతూ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యేదాకా ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వలేదు. ఇరవై ఏడో బ్యాటర్‌గా వచ్చినది అవతలి పిచర్ మెక్విలన్. రెండు స్ట్రైకులు పడ్డాయి (మూడు పడితే బ్యాటర్ అవుట్). ఇంకొక్క స్ట్రైక్ పడితే పర్ఫెక్ట్ గేమ్. తరువాతి బంతి అతనికి తగిలింది, ఫస్ట్ బేస్ ఉచితంగా దక్కింది. విల్ట్సీ చలించకుండా పది ఇన్నింగ్స్ వేసి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 1-0తో గెలిచాడు. ఆ ఏడాది అతను 23 ఆటలు గెలిచాడు. ఇది చర్చాంశానికి కొంచెం దూరమైనా, ఆ జట్టులో మాథ్యూసన్, మర్కెల్ తప్ప ఎవరూ లేరన్నట్టు ఉండకూడదని చెప్పాను.

కృష్ణాతీరం
దూరమేమీ కాదు. 98 గెలుపులు ఎలా వచ్చాయో తెలియకపోతే, చివరి ఓటమి ఎంత బాధాకరమో తెలియదు. అక్టోబర్ 8 నాటి ఆట గురించి ఎవరైనా వివరంగా రాస్తారా? మా అబ్బాయి అక్కడే ఆగిపోయాడు.

డగౌట్
నేను రాస్తాను, ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. పులియమ్ టై తీర్పును సమర్థించాడు. అప్పీలు విన్న లీగ్ డైరెక్టర్ల బోర్డు, అవసరమైతే ఆ ఆటను సీజన్ ముగిశాక మళ్లీ ఆడించాలని నిర్ణయించింది. అక్టోబర్ 4న చికాగోలో కబ్స్ 5-2తో పైరేట్స్‌ను ఓడించింది. దానితో జెయింట్స్ తన చివరి మూడు ఆటలనూ బోస్టన్ మీద గెలిచి తీరాలి. గెలిచింది. రెండు జట్లూ 98-55తో సమానంగా నిలిచాయి. పైరేట్స్ 98-56తో సగం ఆట వెనుకబడి పోటీ నుంచి తప్పుకుంది.

అక్టోబర్ 8న మైదానం నిండి, జనం గుట్ట మీద, పైన వెళ్లే రైలు పట్టాల కట్టడం మీద ఎక్కి చూశారు. కబ్స్ మొదట ఫిస్టర్‌ను పంపింది. అతను టెన్నీకి బంతి తగిలించి, హెర్జాగ్‌ను నడిపించి (చెడ్డ బంతులు వేసి ఫస్ట్ బేస్ ఉచితంగా ఇచ్చి), డాన్లిన్ చేతిలో డబుల్ (రెండు బేస్‌ల హిట్) తిని, ఒక పరుగు ఇవ్వగానే, కబ్స్ మేనేజర్, ఫస్ట్ బేస్‌మన్ అయిన ఫ్రాంక్ చాన్స్ క్షణం ఆలస్యం చేయకుండా మార్డెకాయ్ బ్రౌన్‌ను పిలిచాడు. తరువాత మూడో ఇన్నింగ్స్‌లో టింకర్ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డర్ సై సీమోర్ తల మీదుగా వెళ్లి ట్రిపుల్ (మూడు బేస్‌ల హిట్) అయింది. ఆ ఇన్నింగ్స్‌లోనే కబ్స్ నాలుగు పరుగులు చేసింది.

ఏడో ఇన్నింగ్స్‌లో జెయింట్స్‌కు ఒక్కరూ అవుట్ కాకుండా బేస్‌లు నిండాయి. మెగ్రా మాథ్యూసన్‌కు బదులు, గాయం నుంచి కోలుకుంటున్న డోయల్‌ను బ్యాటింగ్‌కు పంపాడు. డోయల్ బంతిని నిట్టనిలువుగా ఫౌల్ వైపు లేపాడు. క్యాచర్ జానీ క్లింగ్ దాని కిందికి పరిగెత్తుతుంటే ప్రేక్షకుల నుంచి సీసాలు వచ్చి పడ్డాయి. అయినా అతను బంతి మీద నుంచి చూపు తిప్పలేదు, పట్టేశాడు. టెన్నీ గాల్లోకి కొట్టి అవుటైన బంతికి ఒక పరుగు వచ్చింది, హెర్జాగ్ అవుటయ్యాడు. 4-2. అక్కడితో సరి.

తెల్లగీత
ఆ ఏడో ఇన్నింగ్స్‌లో మర్కెల్ ఎక్కడున్నాడు?

డగౌట్
బెంచీ మీద. ఫస్ట్ బేస్‌లో టెన్నీ తిరిగి వచ్చాడు. టైటిల్ చేజారిన ఆటలో మర్కెల్ ఒక్క బంతి కూడా ఆడలేదు.

రైతుబిడ్డ_అయోవా
బ్రౌన్ గురించి రెండు మాటలు. అతను ఇండియానాలో పొలంలో పెరిగాడు. చిన్నతనంలో పశువుల మేత నరికే యంత్రంలో కుడిచేయి పడి చూపుడువేలు పోయింది, తరువాత కింద పడి మరో వేలు వంకర తిరిగింది. ఆ వంకర వేలి నుంచే బంతి ఎవరికీ అందని మెలిక తిరిగేది. మా బాబాయికి కూడా గడ్డి కోసే మిషన్‌లో రెండు వేళ్లు పోయాయి. మా ఊళ్లో అటువంటి చేతులు చాలానే ఉండేవి. బాబాయి ఆ చేతితోనే తాళ్లు పేనేవాడు, ఆ పేనిక ఎంత బిగువుగా ఉండేదో నాకు ఇప్పటికీ గుర్తు. 1908లో బ్రౌన్ 29 గెలిచి 9 ఓడాడు. జెయింట్స్ ఓడిందని బాధపడేటప్పుడు, అవతల ఇటువంటివాడు బంతి వేశాడన్న సంగతి మరిచిపోకూడదని నా మనవి.

వరంగల్_రాళ్లు
రైతుబిడ్డ గారి మాటతో ఏకీభవిస్తున్నాను. కబ్స్ గొప్ప జట్టు. 1906లో 116 గెలిచి 36 మాత్రమే ఓడింది, 1907లో వరల్డ్ సిరీస్ (రెండు పెద్ద లీగ్‌ల విజేతల మధ్య ఫైనల్) గెలిచింది. 1908లో డెట్రాయిట్ టైగర్స్‌ను 4-1తో ఓడించి వరుసగా రెండోసారి గెలిచింది. ఆ సిరీస్ చివరి ఆటకు డెట్రాయిట్‌లో వచ్చిన ప్రేక్షకులు 6,210 మంది మాత్రమే. వరల్డ్ సిరీస్ చరిత్రలో అంత తక్కువ జనం మరెప్పుడూ రాలేదు. దేశం దృష్టి అంతా అప్పటికే పోలో గ్రౌండ్స్‌లో ఖర్చయిపోయినట్టుంది.

శ్రీలక్ష్మి_ఎడిసన్
మా ఆయన చికాగోలో చదువుకున్నారు, కబ్స్ అంటే ప్రాణం. ఆ తరువాతి విజయం కోసం 2016 దాకా 108 ఏళ్లు ఎదురు చూడవలసి వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. జెయింట్స్‌కు చేసిన అన్యాయానికి శిక్షే ఆ 108 ఏళ్లని నేను ఆయనను ఆటపట్టిస్తుంటాను.

మిల్వాకీ_రావు
ఈ చర్చలో మనుషులకు జరిగినది కూడా రావాలి. హ్యారీ పులియమ్ అప్పటికే లీగ్ యజమానుల తగాదాలతో నలిగిపోయి ఉన్నాడు. టై తీర్పు తరువాత న్యూయార్క్ నుంచి వచ్చిన దూషణ అతన్ని మరింత కుంగదీసింది. 1909 తొలినాళ్లలో ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద వెళ్లాడు, తిరిగి వచ్చిన కొద్దికాలానికే జులైలో ఆత్మహత్య చేసుకున్నాడు. దానికి ఈ ఒక్క ఆటే కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ సీజన్ గురించి రాసేవాళ్లు అతన్ని ఒక సంతకంగా మాత్రమే చూపించడం నాకు నచ్చదు.

మర్కెల్ విషయానికి వస్తే, మా ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న వాటర్‌టౌన్‌లో పుట్టాడు. మరునాడు ఒక పత్రిక అతను చేసిన పనిని నిందార్హమైన మూర్ఖత్వంగా రాసింది. "బోన్‌హెడ్" (బుర్ర లేనివాడు) అనే మాట అతని పేరుకు ముందు అతుక్కుపోయింది. ఊరు మారినా, జట్టు మారినా ప్రేక్షకులు గేలి చేస్తూనే ఉన్నారు. మెగ్రా మాత్రం ఒక్కసారి కూడా అతన్ని నిందించలేదు, జట్టు నుంచి తీసేయలేదు. తెల్లగీత గారు మెగ్రా హెచ్చరించి ఉండవలసిందన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ తరువాత మెగ్రా నిలబడిన తీరును కూడా లెక్కలో వేయాలి. 1910 నుంచి మర్కెల్ జెయింట్స్‌కు స్థిరమైన ఫస్ట్ బేస్‌మన్. మొత్తం పదహారు సీజన్లలో 1,580 హిట్లు, 272 దొంగ పరుగులు. 1911, 1912, 1913లలో జెయింట్స్‌తో, 1916లో బ్రూక్లిన్‌తో, 1918లో అదే కబ్స్‌తో వరల్డ్ సిరీస్ ఆడాడు. ఐదూ ఓడాడు.

హుక్స్_అభిమాని
1912 చివరి ఆటలో పదో ఇన్నింగ్స్‌లో జెయింట్స్‌ను ముందుకు తెచ్చిన హిట్ మర్కెల్‌దే. బోస్టన్ తన వంతులో తిరగబడి గెలవకపోయి ఉంటే, చరిత్ర అతన్ని వరల్డ్ సిరీస్ గెలిపించినవాడిగా గుర్తు పెట్టుకునేది.

తెల్లగీత
మిల్వాకీ_రావు గారి మాట చదివాక నా మొదటి అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. తీర్పు సరైనదే, అది మారదు. కానీ తీర్పు సరైనదయినంత మాత్రాన నింద సరైనది కాదు. ఆ రెండింటినీ నేను కలిపేశాను. వచ్చే ఆదివారం మా లీగ్‌లో కుర్రవాళ్లకు ఆటకు ముందే ఈ సంగతి చెబుతాను: పరుగు పూర్తయ్యాకే చప్పట్లు.

బందరుగాలి
తెల్లగీత గారు, మా రోజుల్లో మీలాంటివారు ఆటకు ముందే చెప్పి ఉంటే నాకు నలభై ఏళ్ల ఎగతాళి తప్పేది.

కృష్ణాతీరం
బ్రిడ్‌వెల్ కూడా జీవితాంతం ఆ హిట్ గురించి బాధపడ్డాడని చదివాను. తాను స్ట్రైకవుట్ అయి ఉన్నా బాగుండేదని, మర్కెల్‌కు అంత కష్టం తప్పేదని ముసలితనంలో చెప్పుకున్నాడట. గెలుపు హిట్ కొట్టినవాడు కొట్టకుండా ఉండవలసిందని కోరుకోవడం నేను మరెక్కడా వినలేదు.

మా అబ్బాయి కాగితం ఇప్పుడు పూర్తిగా మారింది. మొదట ఒక్కటే బొమ్మ గీశాడు: సెకండ్ బేస్, దానికి దూరంగా వెళ్లిపోతున్న మనిషి. ఇప్పుడు ఆ పక్కన టెన్నీ నడుము, డోయల్ కాలు, కోవెలెస్కీ మూడు ఆటలు, బ్రౌన్ చేయి, క్లింగ్ పట్టిన ఫౌల్ కూడా గీశాడు. చివరి పేజీలో 1950 గురించి రాసుకున్నాడు. ఆ ఏడాది పోలో గ్రౌండ్స్‌లో పాత ఆటగాళ్ల వేడుకకు మర్కెల్ ఎన్నో ఏళ్ల తరువాత వచ్చినప్పుడు జనం జోరుగా చప్పట్లు కొట్టారట. అప్పటికి అతనికి అరవై ఒక్క ఏళ్లు. గురువారం మావాడు మాట్లాడతాడు.

పాతస్కోర్లు
గురువారానికి ముందు ఒక దిద్దుబాటు చేయించండి. బాబు 98-56 అని రాస్తే మొత్తం 154 అవుతుంది. జెయింట్స్ ఆ ఏడాది ఆడినవి 157. మూడు టైలు ఉన్నాయి, సెప్టెంబర్ 23 వాటిలో ఒకటి. ఆ రోజు మర్కెల్ కొట్టిన హిట్ ఇప్పటికీ అతని ఖాతాలోనే ఉంది.